కుదురులేని పిట్టకు పీట

కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లోనో సన్నివేల్‌లోనో స్థిరపడ్డ కూతురు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపుతుంది. పెరట్లో ఎర్రటి సీసా వేలాడుతోంది. దాని ముందర గాల్లో నిలబడిపోయినట్టు ఒక హమ్మింగ్‌బర్డ్, గొంతు మీద గులాబీ మెరుపు. బెంగళూరు మారతహళ్లి ఫ్లాటులో ఆ ఫొటో చూసిన తండ్రికి ఉత్సాహం ఆగదు. అలాంటి సీసానే ఆన్‌లైన్‌లో తెప్పించి, చక్కెర నీళ్లు పోసి, బాల్కనీలో కట్టి, కెమెరా పట్టుకుని కాచుకుంటాడు. మొదట చీమలు వస్తాయి. తర్వాత తేనెటీగలు వస్తాయి. ఆ తర్వాత పక్క ఫ్లాటువాళ్లు వస్తారు, ఈ ఈగలేమిటని అడగడానికి. హమ్మింగ్‌బర్డ్ మాత్రం రాదు. ఎన్నేళ్లు కట్టినా రాదు.

రాకపోవడం దాని తప్పు కాదు. హమ్మింగ్‌బర్డ్‌లు ఉండేది అమెరికా ఖండాల్లోనే. ఉత్తరాన అలాస్కా నుంచి దక్షిణాన టియెర్రా డెల్ ఫ్యూగో దాకా సుమారు 360 జాతులున్నాయి గానీ, సముద్రం దాటి ఇవతలికి ఒక్కటీ రాలేదు. ఆఫ్రికాలో, ఆసియాలో పూలతేనె మీద బతికే పని తేనెపిట్టలకు, అంటే సన్‌బర్డ్‌లకు, దక్కింది. అవి 140 జాతులకు పైనే. రెండింటికీ చుట్టరికం లేదు. హమ్మింగ్‌బర్డ్ దగ్గరి బంధువులు కొడవలి రెక్కలతో ఆకాశంలో తిరిగే స్విఫ్ట్ పక్షులు. తేనెపిట్టది పిచ్చుకలు, కాకులు ఉండే పెద్ద గణం. చేసే పని ఒకటే కావడంతో రెండింటికీ పొడుగాటి ముక్కు, చిట్టి ఒళ్లు, ఎండ తగిలితే రంగు మారే ఈకలు వచ్చాయి. కాబట్టి ఆ తండ్రి చేతిలో ఉన్న కెమెరా దండగ కాదు. సీసాను పక్కన పెట్టి, అదే బాల్కనీలోని మందార మొక్క వైపు తిప్పుకుంటే సరిపోతుంది.

ఫొటో తీసేవాళ్లకు ఈ రెండు పక్షుల మధ్య ఉన్న అసలు తేడా రెక్కల్లో ఉంది. అమెరికాలోని చిన్న హమ్మింగ్‌బర్డ్‌లు సెకనుకు 50 సార్లకు పైగా రెక్కలాడిస్తూ పువ్వు ముందు గాల్లోనే నిలబడి తాగుతాయి. ఆ రెక్కను ఫొటోలో ఆపడం ఒకప్పుడు పెద్ద ఇంజనీరింగ్ సమస్య. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఆచార్యుడు హెరాల్డ్ ఎడ్జర్టన్ తన స్ట్రోబ్ దీపాలతో 1930లలో దానికి దారి చూపాడు. సెకనులో అతి చిన్న వంతు మాత్రమే వెలిగి ఆరే కాంతిలో ఆ రెక్క శిలలా కనిపించింది. డ్యూపాంట్ రసాయనాల కంపెనీ అధ్యక్షుడు క్రాఫర్డ్ గ్రీన్‌వాల్ట్ అలాంటి దీపాలనే అడవులకు మోసుకెళ్లి, హమ్మింగ్‌బర్డ్‌ల మీద 1960లో ఒక పెద్ద బొమ్మల పుస్తకమే తెచ్చాడు. ఈరోజుకీ అక్కడి పెరళ్లలో ఒక సీసా చుట్టూ మూడు నాలుగు ఫ్లాష్‌లు నిలబెట్టి ఫొటోలు తీసేవాళ్లున్నారు.

తేనెపిట్ట అలా కాదు. గాల్లో నిలబడగలదు, కానీ ఓ క్షణం, రెండు క్షణాలు. దానికి కూర్చుని తాగడమే ఇష్టం. కొమ్మ పట్టుకుని వేలాడుతుంది, తలకిందులవుతుంది, కాడ మీద పక్కకు జరుగుతుంది. కుదురు మాత్రం ఉండదు. కాబట్టి రెక్కను ఆపడం ఇక్కడి సమస్య కాదు. పిట్ట ఎక్కడ కూర్చుంటుందో ముందే తెలుసుకుని, అక్కడే కూర్చునేలా చేసుకోవడం సమస్య. బెంగళూరు బాల్కనీలో నేర్చుకోవలసిన విద్యలో ముప్పాతిక వంతు ఇదే. మిగతా పాతిక కెమెరా అంగడివాళ్లు చెప్తారు.

ముందుగా, వచ్చేది ఎవరో తెలియాలి. బెంగళూరు ఇళ్ల దగ్గర అందరికన్నా చనువుగా తిరిగేది పర్పుల్ రంప్డ్ సన్‌బర్డ్. 10 సెంటీమీటర్లకు మించని పిట్ట, బరువు 10 గ్రాములకు అటూ ఇటూ. మగదానికి పసుపు పొట్ట, ఊదా గొంతు, వీపు మీద ముదురు ఎరుపు, భుజం మీద ఆకుపచ్చ తళుకు. పేరు పెట్టినవాళ్లు చూసిన ఊదా నడుము మాత్రం ఎక్కువసేపు రెక్కల కింద దాక్కునే ఉంటుంది. ఫొటోలో అది పడితే అదృష్టమే. రెండోది పర్పుల్ సన్‌బర్డ్. దీని మగది దూరానికి వట్టి నల్లపిట్ట, ఎండలో నీలం, ఊదా, పచ్చ. మూడోది లోటెన్ సన్‌బర్డ్. చూడ్డానికి రెండోదానిలాగే ఉంటుంది గానీ ముక్కు ఇంకా పొడుగు, ఇంకా వంపు, పొట్ట గోధుమరంగు. 18వ శతాబ్దంలో సిలోన్‌ను పాలించిన డచ్చి గవర్నర్ లోటెన్ పేరే దీనికి అంటుకుంది. పువ్వు ముందు కాసేపు గాల్లో ఆడి, ఆ తర్వాత కూర్చునే అలవాటు దీనికుంది. హమ్మింగ్‌బర్డ్ ఫొటో మీద మోజు తీరనివాళ్లు దీనికోసం కాచుకోవచ్చు.

అనంతపురంలో, చిత్తూరులో వింటున్నవాళ్ల పెరళ్లలోనూ తిరిగేవి ఈ పిట్టలే. ఊరు మారినా మందారం దగ్గర ఇవే. కన్నడిగులు సూరక్కి అంటారు, అంతే.

బెంగళూరుకు ఒక అదనపు సౌకర్యం ఉంది. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన లాల్‌బాగ్‌కు 20వ శతాబ్దం మొదట్లో గుస్తావ్ హెర్మన్ క్రుంబీగల్ అనే జర్మన్ తోటల నిపుణుడు వచ్చాడు. ఒక చెట్టు పూత ముగిసేసరికి ఇంకో చెట్టు పూసేలా వీధుల్లో చెట్లు నాటించాలన్నది ఆయన ఆలోచన. జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి గులాబీరంగు టబేబుయాలు, వేసవిలో జకరండాలు, గుల్‌మొహర్‌లు వరసగా పూసే ఊరుగా బెంగళూరు మారడంలో ఆయనకు పెద్ద పాత్ర ఉంది. వీధిలో ఎప్పుడూ ఏదో ఒక పూత ఉంటే తేనెపిట్టకు ఊరు వదిలి పోవలసిన పని ఉండదు. నాలుగు కుండీలున్న బాల్కనీ కూడా దాని దారిలో ఒక మజిలీ అవుతుంది.

ఏ కుండీలు? ఇక్కడ ఒక తమాషా ఉంది. బెంగళూరు అపార్టుమెంట్ల చుట్టూ కంచెలా పెంచే హమేలియా, కుండీలోంచి జడల్లా వేలాడే ఎర్రపూల రసేలియా, పసుపుపచ్చగా పూసే టెకోమా, ఇవన్నీ అమెరికా ఖండాల మొక్కలు. సొంతూళ్లో వాటి దగ్గరికి హమ్మింగ్‌బర్డ్‌లు వస్తాయి. అందుకే ఆ పూలలో చాలావాటికి కూర్చునే చోటుండదు. అక్కడి అతిథికి కూర్చునే అవసరమే లేదు మరి. ఇక్కడికి వచ్చాక వాటికి తేనెపిట్టలు దొరికాయి. సన్నటి రసేలియా కాడ మీద వాలితే అది కిందికి వంగి ఊగుతుంది. పిట్ట ఊగుతుంది, ఫోకస్ తప్పుతుంది. హమేలియాకు కాస్త గట్టి కొమ్మలుంటాయి కాబట్టి కొత్తవాళ్లకు అదే మేలు. మన మందారం, నూరువరహాలు సరేసరి.

రసేలియానే ఉంటే దానికీ ఉపాయం ఉంది. పూలగుత్తికి జానెడు కిందుగా, కొంచెం బయటివైపుకు, పెన్సిల్ కన్నా సన్నటి ఎండుపుల్ల ఒకటి కుండీకి కట్టాలి. పిట్ట నేరుగా పువ్వు మీదికి రాదు; ముందు దగ్గర్లో ఎక్కడో వాలి, అటూ ఇటూ చూసి, అప్పుడు పువ్వుకు ముక్కు అందిస్తుంది. ఆ వాలేచోటు మన పుల్ల అయితే, ఫోకస్ ముందే దాని మీద పెట్టుకుని కూర్చోవచ్చు. ఇదే ఆ పిట్టకు వేసే పీట. పుల్ల వెనక ఆకులుంటే తీసేయాలి. గోడ దగ్గరగా ఉంటే కుండీని జరపాలి. వెనకున్నది ఎంత దూరమైతే అంత మెత్తగా కరిగిపోతుంది. ఎదురు అపార్టుమెంటు గోడ నీడలో ఉన్నప్పుడు అంతకన్నా మంచి తెర దొరకదు. చూస్తే బూడిదరంగు సిమెంటు, ఫొటోలో నున్నటి ముదురు నేపథ్యం.

మందారం దగ్గర కొత్తవాళ్లు తప్పకుండా పొరబడతారు. పువ్వు ముఖం బాగుంటుందని కెమెరాను అటు నిలబెడతారు. పిట్ట ముఖం వైపు రానే రాదు. పువ్వు వెనక కాడ దగ్గరికొచ్చి, పువ్వు మొదలు దగ్గర ముక్కుతో చిన్న కన్నం పొడిచి, తేనె తాగి వెళ్లిపోతుంది. పుప్పొడి అంటదు, పువ్వుకు మేలూ జరగదు. శాస్త్రజ్ఞులు దీన్ని తేనె దొంగతనం అనే అంటారు. టెకోమా దగ్గరా ఇదే వరస. కాబట్టి మందారాన్ని పక్కనుంచి తీయాలి, ఫోకస్ తొడిమ మీద ఉండాలి. పువ్వు అందం సగం తగ్గినా జరిగిన సంగతి పూర్తిగా కనిపిస్తుంది.

ఇక వెలుతురు. తేనెపిట్ట ఈకల తళుకు వట్టి రంగుపదార్థం వల్ల వచ్చేది కాదు. ఈకలోని అతి సూక్ష్మమైన పొరల మీద కాంతి పడి, తిరిగి వచ్చేటప్పుడు ఒక కోణంలో ఒక రంగు బలపడుతుంది. కోణం మారితే నలుపే. ఒకే పిట్ట, ఒకే కొమ్మ, సెకను తేడాలో తీసిన రెండు ఫొటోలు. ఒకదానిలో బొగ్గు, ఇంకోదానిలో నీలమణి. దీనికి మందు కెమెరాలో లేదు. సూర్యుడు ఫొటో తీసేవాళ్ల వీపు వైపు ఉండాలి, తక్కువ ఎత్తులో ఉండాలి, పిట్ట తల తిప్పే క్షణానికి వేలు బటన్ మీద ఉండాలి. మొదటి రెండూ ఉదయం ఏడు, ఎనిమిది మధ్య దొరుకుతాయి. మూడోది పిట్ట దయ.

బాల్కనీలో వచ్చే చిక్కు ఏమిటంటే మనిషి ఇంటిలోపల, ఎండ బయట. లోపలి నుంచి బయటికి తీస్తే పిట్ట ఎప్పుడూ ఎదురు వెలుతురులోనే ఉంటుంది, నల్లటి నీడలా వస్తుంది. తూర్పు బాల్కనీ ఉన్నవాళ్లు దాన్ని అడ్డంగా కాక నిలువునా వాడుకోవాలి. ఆ చివర కుండీ, ఈ చివర స్టూలు. అప్పుడు ఎండ పక్కనుంచి తగులుతుంది. బెంగళూరులో దాదాపు ప్రతి అపార్టుమెంటుకూ పావురాల వల ఉంటుంది కదా, అదీ పెద్ద అడ్డం కాదు. లెన్స్‌ను వలకు ఆనించినంత దగ్గరగా పెట్టి, అపర్చర్ పూర్తిగా తెరిస్తే దారాలు కనిపించకుండా పోతాయి. అయితే వల కన్నాల గుండా పిట్ట సులువుగా రాగలిగితేనే కుండీ లోపల పెట్టాలి. లేకుంటే వలకు అవతలే కట్టాలి. వలలో పిట్ట కాలు చిక్కుకుంటే ఫొటో సంగతి దేవుడెరుగు.

కెమెరా లెక్కలు కొన్ని తెలిసి ఉండాలి. 400 మిల్లీమీటర్ల లెన్స్, ఎఫ్ 5.6 అపర్చర్, పిట్ట మూడు మీటర్ల దూరంలో. అప్పుడు స్పష్టంగా కనిపించే మందం రెండు సెంటీమీటర్ల లోపే. పిట్ట మనవైపు తిరిగి ఉంటే కన్ను స్పష్టంగా వస్తుంది, ముక్కు కొస చెదిరిపోతుంది. పక్కకు తిరిగి ఉంటే తల నుంచి తోక దాకా ఆ రెండు సెంటీమీటర్లలోనే ఇమిడిపోతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్ల ఫొటోల్లో పిట్టలు ఎక్కువగా పక్కకు తిరిగి ఉంటాయి. కళాభిరుచి కన్నా దీని వెనక లెక్క ఎక్కువ. కూర్చున్న పిట్టకు కూడా షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతుకు తగ్గకూడదు, ఎందుకంటే తల ఊపుతూనే ఉంటుంది. ఎగిరేదానికి మూడువేలో వంతు, ఆ పైన. దానికోసం ఐఎస్‌ఓ 1600కో 3200కో పెంచవలసి వస్తే పెంచాలి. గరుకు ఉన్న ఫొటో బాగు చేసుకోవచ్చు, కదిలిపోయిన ఫొటోను ఎవరూ బాగు చేయలేరు. వెనక తెల్లటి ఆకాశం ఉంటే ఎక్స్‌పోజర్ కాస్త పెంచాలి. వెనక చీకటి గోడ ఉంటే తగ్గించాలి, లేకపోతే పసుపు పొట్ట తెల్లగా పేలిపోతుంది.

పెద్ద లెన్స్ లేనివాళ్లకు ఫోను చాలదా? చాలుతుంది, కానీ ఫోను మనిషి దగ్గర ఉండకూడదు, పువ్వు దగ్గర ఉండాలి. చిన్న స్టాండు మీద పువ్వుకు అడుగు దూరంలో నిలబెట్టి, వంద రూపాయల్లో దొరికే బ్లూటూత్ బటన్‌తో ఇంట్లోంచి నొక్కవచ్చు. స్లో మోషన్ వీడియో పెట్టి వదిలేసినా సరే. కొత్త వస్తువును చూసి పిట్ట మొదట వెనకాడుతుంది. ఖాళీ స్టాండును కొన్నాళ్లు అక్కడే ఉంచితే పట్టించుకోవడం మానేస్తుంది.

ఈ సదుపాయాలేవీ లేని రోజుల్లో బెంగళూరు పక్షుల ఫొటోలకు పేరు తెచ్చుకుంది. ఓ.సి. ఎడ్వర్డ్స్, ఆయన దగ్గర మెళకువలు నేర్చిన టి.ఎన్.ఎ. పెరుమాళ్, ఇ. హనుమంతరావు, సండూరుకు చెందిన ఎం.వై. ఘోర్పడే, వీళ్లది ఫిల్ము కాలం. రోల్‌కు 36 ఫొటోలు, కడిగించేదాకా ఏం పడిందో తెలియదు. 2017లో కన్నుమూసిన పెరుమాళ్ వెనక కర్ణాటకలో ఒక తరం ఫొటోగ్రాఫర్లు తయారయ్యారు. ఆ రోజుల కొడాక్రోమ్ కలర్ ఫిల్ము వేగం 25 లేదా 64. ఈనాటి కెమెరా అంకెల పక్కన పెడితే, వాళ్లు తేనెపిట్ట వైపు చూసే ధైర్యం ఎలా చేశారా అనిపిస్తుంది.

ఆ కాలంవాళ్లు పాటించిన పద్ధతుల్లో ఒకటి మాత్రం ఇప్పుడు చెల్లదు. రైల్వే అధికారిగా పనిచేసిన లోథర్ 1949లో భారతదేశంలో పక్షుల ఫొటోల మీద పుస్తకం రాసిన కాలంలో, గూటి ఎదుట గుడారం లాంటి చాటు కట్టుకుని కూర్చోవడం అందరూ ఒప్పుకున్న దారి. పిట్ట తప్పకుండా వచ్చే చోటు గూడే కదా. ఈరోజు చాలా ప్రకృతి ఫొటో పోటీలు గూటి ఫొటోలు తీసుకోవు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అన్న మాటకిచ్చిన నిర్వచనంలోనే గుడ్లనూ గూళ్లనూ చెదరగొట్టడం ఉంది.

తేనెపిట్ట విషయంలో ఇది బాల్కనీ దాకా వచ్చే సంగతి. ఆడపిట్ట సాలెగూటి దారాలు, నార, బెరడు ముక్కలు కలిపి సంచిలా గూడల్లి, బట్టలారేసే తీగకో, వేలాడే దీపానికో కడుతుంది. తలుపు మీద చిన్న చూరు కూడా వేస్తుంది. సాధారణంగా రెండు గుడ్లు, పొదగడానికి రెండు వారాలు. దగ్గరికి కెమెరా తీసుకెళ్తే తల్లి రాదు. తల్లి రాకపోతే పిల్లలకు తిండి లేదు. పైగా బాగా కనిపించాలని ఆకులు కత్తిరిస్తే కాకికి దారి చూపినట్టే. ఆ నెలరోజులూ కెమెరా ఇంకో కిటికీ దగ్గర పనిచేయడం మంచిది. బాల్కనీలో పురుగుల మందు కొట్టకపోవడం కూడా మంచిదే. పిల్లలకు ఆ తల్లి పెట్టేది తేనె కాదు, పురుగులు, సాలీళ్లు.

ఇక ఆ ఎర్ర సీసా. కట్టి తీరతామనేవాళ్లు ఉంటారు కాబట్టి చెప్పాలి: ఒక వంతు తెల్ల చక్కెర, నాలుగు వంతుల నీళ్లు. తేనె వద్దు, బెల్లం వద్దు, రంగు అసలే వద్దు. వేసవిలో రెండు రోజులకోసారి పారబోసి, సీసా కడగాలి, లేదంటే బూజు పడుతుంది. ఇంత చేశాక కూడా, నీళ్ల ట్యాంకు కింద పెద్ద తేనెతుట్టె ఉన్న అపార్టుమెంటులో అది గొడవలు తెచ్చిపెడుతుంది. ఫొటోగా చూసినా ప్లాస్టిక్ సీసా ముందు పిట్ట కన్నా హమేలియా గుత్తి ముందు పిట్టే బాగుంటుంది. ఒక్క కుండీ ఖర్చు సీసా ఖర్చుకు సమానం.

కొందరి ఇళ్లలో పిట్ట కిటికీ అద్దాన్నో, కింద ఆపిన స్కూటర్ అద్దాన్నో పొద్దస్తమానం పొడుస్తుంటుంది. తన నీడను చూసి ఇంకో మగపిట్ట అనుకుంటుంది. ఫొటోకు అంతకన్నా దగ్గరి అవకాశం ఉండదు, కానీ ఆ పోరులో దాని బలమంతా వృథా. అద్దానికి గుడ్డ కప్పితే ఊరుకుంటుంది.

మెరిసే మగపిట్ట ఫొటోలు ఎక్కువై, ఆడపిట్టలవి తక్కువైపోయాయి. గుర్తుపట్టడంలో కష్టం నిజానికి ఆడవాటి దగ్గరే. పర్పుల్ రంప్డ్ ఆడదానికి గొంతు లేత బూడిద తెలుపు, రొమ్ము నుంచి పసుపు. పర్పుల్ సన్‌బర్డ్ ఆడదానికి గొంతు నుంచే లేత పసుపు. గుడ్ల కాలం దాటాక పర్పుల్ సన్‌బర్డ్ మగది కూడా తళుకు వదిలేసి ఆడదాని వేషం వేస్తుంది, గొంతు నుంచి పొట్ట దాకా ఒక నల్లటి చార మాత్రం మిగులుతుంది. వీటిని ఒక్కచోట చూపే వరస ఫొటోలు ఉంటే, లాల్‌బాగ్‌లో నెలనెలా రెండో ఆదివారం పక్షులు చూడ్డానికి కలిసేవాళ్లు కూడా ఆసక్తిగా అడిగి చూస్తారు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో మన దేశం 2013 నుంచి పాల్గొంటోంది. దానికి అడవికి వెళ్లనక్కర లేదు. బాల్కనీలో కనీసం 15 నిమిషాలు కూర్చుని, కనిపించిన పక్షుల పేర్లూ లెక్కా ఈబర్డ్ అనే వెబ్‌సైటులో రాయాలి. తేనెపిట్టల ఆడవాటి పేరు దగ్గర అనుమానం వస్తే తీసిన ఫొటో అక్కడే జతచేయవచ్చు. మెరుపు లేని ఫొటోలకే అక్కడ ఎక్కువ గిరాకీ.